సికింద్రాబాద్‌లో పద్దెనిమిది తోక ఎముకలు

కాశ్మీరు వెళ్లొచ్చినవాళ్లు యాత్రా కథనం రాస్తారు. సికింద్రాబాద్ వెళ్లొచ్చి రాసేవాళ్లు ఎవరూ ఉండరని మా కాలేజీ స్టాఫ్ రూములో ఏకగ్రీవంగా తేల్చారు. నిజమే. మా బందరువాళ్లు సికింద్రాబాద్‌కు రైలు మారడానికి వెళతారు, పెద్దాసుపత్రులకు వెళతారు, పిల్లల కోచింగ్ కోసం వెళతారు. చూడ్డానికని మాత్రం ఎవరూ వెళ్లరు. నేను వెళ్లాను. ఐదు రోజులు ఉండి తోకలు చూసి వచ్చాను.

తోకలంటే పొడుగు మెడ డైనోసార్ల తోకలు. బందరులో ఒక డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పుకుంటూ, తీరిక వేళల్లో ఈ తోక ఎముకల్ని వర్గీకరించడం నా పని. పొడుగు మెడ జంతువు దగ్గరికి వెళ్లి తోక పట్టుకున్నావేమిటని అందరూ అడుగుతారు. మెడలు దొరకవు. తలకాయలైతే అసలే దొరకవు. కోట్ల ఏళ్లు మట్టిలో నలిగాక గట్టిగా మిగిలేది తోక ఎముకే. కాబట్టి మేం తోక చూసి జంతువు ఎలా ఉండేదో చెబుతాం, ఎదురు చెప్పడానికి జంతువు లేదు గనక ఇంతకాలం హాయిగా గడిచిపోయింది.

బెజవాడ నుంచి బండి

పొద్దున బెజవాడలో ఎక్కిన బండి మధ్యాహ్నానికి సికింద్రాబాద్ చేరుస్తుందని టికెట్టు మీద ఉంది. ఎదురు సీట్లో ఉన్న పెద్దమనిషి ఖమ్మం దాటేలోగా తన ఉద్యోగం, కొడుకు ఉద్యోగం, అల్లుడి ఉద్యోగం చెప్పేసి, ఇక నా వంతు అన్నట్టు చూశారు. ఎముకల పని అన్నాను. ఆయన వెంటనే ప్యాంటు పైకి మడిచి మోకాలు చూపించారు. మనుషుల ఎముకలు కావండీ, డైనోసార్లవి అన్నాను. ఆయన ప్యాంటు దించుకుని, "మరి జీతం ఎవరిస్తారమ్మా?" అని అడిగారు. ఇన్నేళ్లలో నన్ను ఇంత సూటిగా అడిగినవాళ్లు లేరు. రైల్లో అమ్మిన పల్లీలు ఇద్దరం పంచుకుని తిన్నాం. అవి వేయించి ఎంతకాలమైందో చెప్పడం నా చదువుకు అందే విషయమే గానీ ఊరుకున్నాను.

ఆయనకు చెప్పనిది మీకు చెబుతాను. ఇరవై రెండేళ్ల కిందట సికింద్రాబాద్‌లో ఒక మ్యూజియం స్టోరులో ఉన్న పద్దెనిమిది తోక ఎముకల్ని కొలిచాను. అన్నీ ఒకేచోట తవ్వి తెచ్చినవి. కానీ ఏడింటికి అడుగున పొడుగునా ఒక గాడి ఉంది, పదకొండింటికి లేదు. అందుకని అవి రెండు రకాల జంతువులవని తేల్చాను. గాడి ఉన్నది లోకానికి కొత్త రకం. కొత్త రకానికి పేరు పెట్టే హక్కు చెప్పినవాళ్లది. మా అమ్మ పేరు సువార్త. మిషన్ స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెప్పేది. నేను ఆ జంతువుకు సువార్తాసారస్, అంటే సువార్త బల్లి, అని పేరు పెట్టి ఒక వ్యాసం అచ్చు వేయించాను.

"కూతుళ్లు తల్లికి చీర పెడతారు. ఇది నా పేరు తీసుకెళ్లి బల్లికి పెట్టిందమ్మా," అని మా అమ్మ ఆదివారం చర్చి మెట్ల మీద ప్రతివాళ్లకూ చెప్పుకుంది. తిట్టినట్టే ఉండేది. కానీ ఆ వ్యాసం కాగితాలు మడిచి బైబిల్లో పెట్టుకుంది. ఆవిడ పోయి మూడేళ్లయింది, కాగితాలు ఇంకా అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు ఆ మ్యూజియం తన ఎముకలన్నిటికీ శాశ్వతమైన కేటలాగు వేస్తోంది. మీ రకం మీద ఒక పేజీ ఉంది, వచ్చి ఎముకలు మరోసారి సరిచూసి సంతకం పెట్టండి అని ఉత్తరం రాశారు. ఒకసారి కేటలాగులోకి ఎక్కితే మా అమ్మ పేరు ఇక అక్కడే ఉండిపోతుంది. సరిచూడమన్నారు గానీ, నిజం చెప్పాలంటే నేను వెళ్లింది సంతకం పెట్టడానికే.

సీతాఫల్‌మండి

స్టేషన్ బయట ఆటో అతను సీతాఫల్‌మండికి నూట యాభై అన్నాడు. అది పక్కనే కదా అన్నాను. "పక్కనే మేడం, గందుకే నూట యాభై. దూరమైతే రెండొందలు," అన్నాడు. ఈ లెక్కలో తప్పు ఎక్కడుందో వెతుకుతుండగానే ఇల్లు వచ్చేసింది.

బస ఇచ్చినావిడ పేరు బాలమణి. సందులో సందు, ఆ సందులో మేడ మెట్లు, పైన ఒక గది. భర్త రైల్వేలో చేసి పోయారట, గది అద్దెకిస్తారు, భోజనం కూడా పెడతారు. నా సంచి దించుతూ బరువుకు ఆగిపోయారు.

"ఏం తెచ్చిన్రు మేడం గింత బరువు? రాళ్లా?"

"దాదాపు రాయేనండి. డైనోసార్ తోక ఎముక."

అసలు ఎముక కాదు, దాని ప్లాస్టర్ అచ్చు. ఇరవై రెండేళ్ల కిందట గాడి బాగా కనిపించే ఎముక ఒకటి ఎంచుకుని అచ్చు తీసుకున్నాను. ఇంట్లో టీవీ పక్కన ఉంటుంది. పోల్చి చూసుకోవడానికి వెంట తెచ్చాను. బాలమణి గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికోసం ఆడినుంచి వచ్చిన్రా? మీ ఆయన ఏమనలేదా?" అన్నారు. ఏమీ అనలేదన్నాను. మంచోడు అన్నారు.

పొద్దున్నే ఆవిడ ఖిచిడీ, ఖట్టా పెట్టారు. మా వైపు పొద్దున్నే అన్నం పెడితే ఇంట్లో ఎవరికో జ్వరమని అర్థం. ఇక్కడ అదే టిఫిను. పప్పూ బియ్యం కలిపి వండిన ఖిచిడీ మీద చింతపండు, నువ్వులు కలిపిన పులుసు పోసుకుంటే, జ్వరం లేనందుకు మొదటిసారి విచారం కలిగింది. మూడోసారి వడ్డించుకున్నాక ఇడ్లీ గొప్పతనం గురించి నేను మొదలుపెట్టిన ఉపన్యాసం ఆపేశాను.

స్టోరు

మ్యూజియం స్టోరు రెజిమెంటల్ బజార్‌కి నడిచి వెళ్లే దూరంలో ఒక పాత మేడలో ఉంది. గేటు దగ్గర రిజిస్టరులో వచ్చిన పని అనే గడి ఉంది. నా ముందువాళ్లు ఫ్యాన్ రిపేరు, వాటర్ క్యాన్లు అని రాశారు. నేను తోక అని రాశాను. వాచ్‌మన్ చదివి, ఏమీ అడగకుండా లోపలికి పంపాడు.

స్టోరు చూసుకునే ఆయన పేరు సుధాకర్. నిదానస్తుడు. ఆయన తాళాలు తీసే తీరు చూస్తే, లోపలున్న జంతువులు అన్ని కోట్ల ఏళ్లు ఎందుకు ఓపిక పట్టాయో అర్థమవుతుంది. ఎముకలు చెక్క ట్రేలలో, పాత దినపత్రికల మధ్య పడుకుని ఉన్నాయి. పెద్దవి చిన్న గుమ్మడికాయంత, చివరివి పిడికిలంత. ప్రతి తోక ఎముకకూ ముందు వైపు గిన్నెలా గుంట ఉంటుంది, వెనక వైపు బంతిలా గుండు ఉంటుంది. ముందుదాని గుండు వెనకదాని గిన్నెలో కూర్చుంటుంది. మొదటినుంచి చివరిదాకా అలా కూర్చుంటూ పోతే అదే తోక.

బల్ల మీద ఒక లావుపాటి రిజిస్టరు పెట్టారు సుధాకర్. పద్దెనిమిది ఎముకలకు పద్దెనిమిది వరసలు. ఏడు వరసల్లో రకం అనే చోట నా చేతిరాతతోనే సువార్తాసారస్ అని ఉంది.

"మేడం, ఏమన్న మార్చేదుంటే ఒక్క గీత కొట్టుండ్రి. వైట్నర్ గిట్ల పెట్టొద్దు, దిద్దొద్దు. కింద రాసింది కనబడాలె. పక్కకు పొట్టి సంతకం, అంతే."

"మార్చేదేమీ ఉండదు లెండి," అన్నాను.

ఈ నియమం నాకు కొత్త కాదు. మా అమ్మ మూడో తరగతిలో ఇదే ఉండేది. పిల్లలు తప్పు రాసి, రబ్బరుతో గీకి గీకి కాగితానికి చిల్లి పెట్టేవారు. ఒక్క గీత కొట్టు, ఏం తప్పు రాశావో రేపు నీకే కనపడాలి, అనేది. నా పెళ్లి శుభలేఖ ప్రూఫులో కూడా మావగారి పేరు అలాగే ఒక్క గీతతో కొట్టి పక్కన రాసింది. మావగారు అది చాలా రోజులు గుర్తుంచుకున్నారు.

ఆ రోజంతా గాడులు కొలిచాను. ఏడు ఎముకల మీదా వెడల్పు పందొమ్మిది మిల్లీమీటర్లు. పెద్దదాని మీదా అంతే, దాంట్లో సగం ఉన్న చిన్నదాని మీదా అంతే. నా వ్యాసంలో అందరూ మెచ్చుకున్న వాక్యం ఇదే: తోక సన్నబడుతున్నా గాడి వెడల్పు మారకపోవడం ఈ రకానికే చెందిన విశేషం. ఇరవై రెండేళ్ల తర్వాత కూడా ఆ వాక్యం చెక్కుచెదరలేదు. ఆ సంతోషంలో బయట ఇరానీ హోటల్లో రెండు చాయ్‌లు తాగాను, ఒక్కోటి ఇరవై రూపాయలు. బందరులో ఆ డబ్బుకు రెండు టీలు వస్తాయి, కానీ రెండింటిలో కలిపి ఇన్ని పాలు ఉండవు. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి సమయానికి పైకి తీయడం ఒక విద్య. నాది మునిగిపోయింది. పక్క టేబుల్ ఆయన చెంచా అందించారు.

రెండో రోజు

రెండో రోజు చేయకూడని పని చేశాను. రెండు కుప్పలు పక్కన పెట్టి, పద్దెనిమిదింటినీ కలిపి పెద్దదానినుంచి చిన్నదాని దాకా వరసగా పేర్చాను. బల్ల మీద చోటు సరిపోక మాత్రమే అలా చేశాను, ఏ శాస్త్రీయ దృష్టీ లేదు.

గాడి ఉన్నది ఒకటి, లేనివి ఒకటో రెండో, మళ్లీ ఉన్నది ఒకటి, అలా వచ్చాయి. గాడి లేని ఎముక గుండు తీసి గాడి ఉన్నదాని గిన్నెలో పెట్టాను. కూర్చుంది. కదిపాను, కదల్లేదు. ఇంకో జత పెట్టాను. అదీ కూర్చుంది. రెండు వేరు వేరు జంతువుల ఎముకలు ఇంత చక్కగా ఒకదాంట్లో ఒకటి ఇమడకూడదు.

ఇలాంటప్పుడు శాస్త్రజ్ఞులం ఏం చేస్తామో మీకు చెప్పాలి. లేచి కిటికీ దగ్గరికి వెళతాం. పనిముట్టును అనుమానిస్తాం. ఎండగా ఉంది కాబట్టి అనుకుంటాం. నేను ఇవన్నీ క్రమం తప్పకుండా చేసి, చివరికి భోజనానికి వెళ్లాను. బిర్యానీ ఒకటి చెబితే ముగ్గురికి సరిపడా వచ్చింది. ఎంత తిన్నా ఆ గుండూ గిన్నే కళ్ల ముందునుంచి పోలేదు.

సాయంత్రం బాలమణి గారు అడిగారు, "తోక పని అయిందా మేడం?"

"కొంచెం పరేషాన్‌గా ఉందండి," అన్నాను. రెండు రోజులకే నోటికి ఆ మాట వచ్చేసింది.

బేగంపేట

మూడో రోజు కేటలాగు సంపాదకురాలు మాధవి గారిని కలవడానికి బేగంపేట వెళ్లాను. ప్రూఫు సిద్ధంగా ఉందని ఆవిడ ఫోన్ చేశారు. మెట్రో స్టేషన్లో సంచి మిషన్లోకి పంపగానే మిషన్ ఆగింది. సెక్యూరిటీ అమ్మాయి తెర వైపు చూసింది, నా వైపు చూసింది.

"మేడం, బ్యాగ్ల ఏందది?"

"తోక ఎముక."

"దేనిది?"

"డైనోసార్‌ది. అసలుది కాదు, ప్లాస్టర్‌ది."

ఆమె పై అధికారిని పిలిచింది. ఆయన వచ్చి అచ్చును తట్టి, వాసన చూసి, ఆధార్ కార్డు అడిగారు. కార్డులో నా ఫోటోతో నా ముఖం పోల్చి చూశారు గానీ, ఎముకను దేనితో పోల్చాలో ఆయనకు తెలియలేదు. వెనక ఆఫీసులకు వెళ్లేవాళ్ల వరస పెరిగిపోయింది. "జెర జల్దీ కానియ్యుండ్రి అన్నా," అని ఎవరో అన్నాక వదిలేశారు.

మాధవి గారు ప్రూఫు బల్ల మీద పరిచారు. నున్నటి కాగితం, పైన పెద్ద అక్షరాల్లో సువార్తాసారస్, కింద ఏడు ఎముకల ఫోటోలు, ఆ కింద పేరు ఎలా వచ్చిందో ఒక వాక్యం: రచయిత్రి తల్లి, ఉపాధ్యాయిని సువార్త పేరు మీద. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. నా వ్యాసం సంగతి పక్కన పెడితే, మా అమ్మ పేరు అచ్చులో వచ్చింది అంతకుముందు రెండే సార్లు. ఒకటి నా పెళ్లి శుభలేఖలో, రెండోది ఆవిడ జ్ఞాపకార్థ కూడిక కార్డు మీద.

"ఇక్కడ ఒక సంతకం చేస్తే అయిపోతది మేడం," అన్నారు మాధవి గారు, పెన్ను ఇస్తూ.

పెన్ను తీసుకున్నాను. గుండు గుర్తొచ్చింది, గిన్నె గుర్తొచ్చింది. ఇంకొక్క రెండు రోజులు టైమివ్వమని అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోయారు. శుక్రవారం సాయంత్రం దాకే, తర్వాత ప్రెస్‌కు పోతుందన్నారు.

రెజిమెంటల్ బజార్

దారి చూపించింది సుధాకర్. నాలుగో రోజు పొద్దున పాత రిజిస్టరు ఒకటి దులిపి తెచ్చారు. అందులో సరిగ్గా ఆ ఏడు ఎముకల పక్కనే మరమ్మతు, యాదగిరి అని రాసి ఉంది, నేను మొదటిసారి రావడానికి నాలుగైదేళ్ల ముందు.

"ప్లాస్టర్ మేస్త్రి మేడం. విరిగిన బొక్కలన్ని ఆయననే అతికేటోడు. గిప్పుడు సుత రెజిమెంటల్ బజార్లనే ఉంటడు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎముకల్ని కడిగి అతికిన మనిషి, గాడి మొదటినుంచీ ఉందని ఒక్క మాట చెబితే చాలు. గుండూ గిన్నే కుదరడం కాకతాళీయమని రాసి సంతకం పెట్టేయొచ్చు. అచ్చు సంచిలో పెట్టుకుని, మిఠాయి దుకాణంలో పావు కిలో కలాకంద్ కొనుక్కుని బయల్దేరాను.

ఇత్తడి సామాన్ల దుకాణాలు, ట్రంకు పెట్టెల దుకాణాలు దాటి లోపలికి వెళితే ఒక ఇంటి వరండాలో పూల డిజైన్ల సీలింగు ముక్కలు ఆరబెట్టి ఉన్నాయి. యాదగిరి గారికి డెబ్బై దాటి ఉంటాయి. వేళ్ల గోళ్లలో ప్లాస్టర్ ఇంకా తెల్లగా ఉంది. మ్యూజియం పేరు చెప్పగానే కుర్చీ తుడిచారు.

"కూసోండ్రి మేడం. నన్ను అడుక్కుంట వచ్చినోళ్లు మీరే మొదలు."

భార్య చాయ్ తెచ్చింది. నేను అచ్చును బోర్లించి గాడి చూపించాను. మీరు ఈ ఎముకలు శుభ్రం చేసేటప్పుడు ఇది ఎలా ఉండేది అని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఓ, గిదా. గిది నేను కొట్టిందే గద."

"కొట్టడం అంటే, మట్టి తీశారా?"

"మట్టి గాదు మేడం. ఆకురాయి పెట్టి రాకిన. ఓ ఎగ్జిబిషన్ల తోక నిలబెట్టాలన్నరు. స్టాండుకు ఇనుప కడ్డీ ఇచ్చిన్రు. బొక్కలు దాని మీద కూసోక బోర్లవడుతున్నయ్. ఇగ అడుగున గాడి తీసిన. మంచిగ కూసున్నయ్."

చాయ్ కింద పెట్టాను. "మరి పద్దెనిమిదింటికీ తీయలేదేం?"

"స్టాండు చిన్నది గద. ఏడే పట్టినయ్. పెద్దది తీస్కున్న, ఒకటి రెండు ఇడిసిపెట్టి ఇంకోటి తీస్కున్న, గట్ల. తోక సన్నవడుకుంట పోయినట్టు కనబడాలె గద, చూసెటోళ్లకు."

కడ్డీ ఎంత లావు ఉండేదని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. "ఎంత ఎందుకు, ఎగ్జిబిషన్ అయినంక నేనే తెచ్చుకున్న, ఈడనే ఉన్నది," అని ఆయన లేచి భార్యను పిలిచారు. ఆ కడ్డీ వరండాలో ఈ గోడకూ ఆ గోడకూ అడ్డంగా ఉంది, దాని మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. ఆవిడ వాటిని తీస్తూ, "ఆరేసినయ్ ఆరనియ్యరు గదా," అని సణిగింది. ఆయన కడ్డీ పట్టుకొచ్చి నా ఒళ్లో ఉన్న అచ్చు మీద పెట్టారు. గాడిలో కూర్చుంది. ఈ చివరనుంచి ఆ చివరదాకా ఎక్కడా సందు లేదు.

"ముప్పావు ఇంచు," అన్నారు యాదగిరి.

ముప్పావు అంగుళమంటే పందొమ్మిది మిల్లీమీటర్లు. తోక సన్నబడుతున్నా గాడి వెడల్పు మారకపోవడం ఈ రకానికే చెందిన విశేషం. ఆ రకం పేరు ముప్పావు అంగుళం కడ్డీ. ఇరవై రెండేళ్లుగా నేను దాని మీద పాఠాలు చెబుతున్నాను, పరీక్షల్లో ప్రశ్నలు ఇస్తున్నాను, సరిగ్గా రాయని పిల్లలకు మార్కులు తీసేస్తున్నాను.

"రాకినకాడ తెల్లగ, కొత్తగ కొట్టింది మేడం. గందుకని చాయ్ డికాక్షన్ మంచిగ మరగబెట్టి రెండు సార్లు పూసిన. ఎవ్వలన్న గుర్తువట్టిన్రా?"

"ఎవ్వరూ గుర్తుపట్టలేదండి."

"పని గట్ల ఉండాలె," అన్నారాయన, తృప్తిగా కలాకంద్ నోట్లో వేసుకుంటూ.

అప్పుడు చెప్పాను. గాడి చూసి కొత్త జంతువు అనుకున్నానని, దానికి మా అమ్మ పేరు పెట్టానని, రేపు సంతకం పెట్టాలని. ఆయన నమలడం ఆపేశారు.

"అయితే మేడం, మీ అమ్మ పేరును నేను సంపినట్టే గద."

"మీరేం చేశారు, మీ పని మీరు చేశారు. చూసుకోవాల్సింది నేను."

ఆయన వాకిలి వైపు చూసి, గొంతు తగ్గించారు. "నేను ముసలోణ్ణి. రేపో మాపో పోయెటోణ్ణి. నేను చెప్పకుంటే ఎవ్వలకు తెల్వది మేడం. మీరు మంచిగ సంతకం పెట్టుకోండ్రి."

ఆ మాట ఆయన ప్రేమగా అన్నారు. నాకు మాత్రం ఆశ పుట్టింది. నిజంగానే పుట్టింది, దాచడమెందుకు. ఇంటిదాకా నడుస్తూ అదే ఆలోచించాను. కేటలాగు ఎవరు చదువుతారు, నాలాంటివాళ్లు ఓ పదిమంది. వాళ్లు ఇరవై రెండేళ్లు పట్టుకోలేనిది ఇప్పుడు పట్టుకుంటారా. వచ్చే ఏడాది రిటైరవుతున్నాను. మా అమ్మకు నేను ఇచ్చింది ఈ ఒక్క పేరే.

బాలమణి గారు గిన్నె అడుగున సర్వపిండి ఒత్తుతున్నారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి, వేలితో మధ్య మధ్య చిల్లులు పెట్టి కాలుస్తారు. మా తపేలా చెక్కలకు దూరపు చుట్టం, కానీ కారంలో పెద్దక్క.

"తోక ఒకటేనండి. రెండు కాదు," అన్నాను, కళ్లు తుడుచుకుంటూ. కారం వల్లనే అనుకుని ఉంటారు.

"ఒకటైతే మంచిదే గద. కొలుసుడు తక్కువైతది," అన్నారావిడ, ఇంకో ముక్క వేస్తూ.

చివరి రోజు

శుక్రవారం పొద్దున్నే స్టోరు తెరిపించాను. పద్దెనిమిది ఎముకల్నీ ఇసుక సంచుల మీద పేర్చి, గుండు గిన్నెలో పెడుతూ వెళ్లాను. రెండుచోట్ల ఎముకలు పోయిన ఖాళీలున్నాయి. మిగతా అన్నీ కూర్చున్నాయి. నేను ఇరవై రెండేళ్ల కిందట రెండుగా నరికిన తోక బల్ల మీద ఒక్కటిగా పడుకుంది. అందంగా ఉంది, ఏడుపొచ్చేంత అందంగా ఉంది.

సుధాకర్ రిజిస్టరు తెరిచి, స్కేలు ఇచ్చారు. ఏడు వరసల్లో మా అమ్మ పేరు. ఒక్కోదాని మీద ఒక్క గీత, పక్కన పొట్టి సంతకం. మూడోదానికి స్కేలు జరిగి గీత వంకర పోయింది. మా అమ్మ అయితే స్కేలు సరిగ్గా పట్టుకోమని మొట్టేది. ఏడూ కొట్టాక, వివరణ అనే గడిలో రాశాను: పద్దెనిమిదీ ఒకే తోక. అడుగున గాడి సహజమైనది కాదు, ప్రదర్శన కోసం చెక్కినది. చెక్కినవారు యాదగిరి, ప్లాస్టర్ మేస్త్రి, రెజిమెంటల్ బజార్.

సుధాకర్ చదివారు. "మేస్త్రి పేరు సుత రాసిన్రా మేడం? గిట్ల ఎవ్వలు రాయరు."

"ఇంత పని చేసి ఇన్నేళ్లు దొరకని మనిషి పేరు రాయకపోతే ఎలా?" అన్నాను.

మాధవి గారికి ఫోన్ చేసి ఆ పేజీ తీసేయమన్నాను. "మరి ఒక పేజీ ఖాళీ అయితది కదా మేడం," అన్నారావిడ. సంపాదకుల కష్టాలు వేరు. ఆ పేజీలో గాడి ఉన్న ఎముక ఫోటో వేసి, ఇలాంటి గాడి కనిపిస్తే ముందు మేస్త్రిని అడగండి అని రాయమన్నాను. ఆవిడ నవ్వారు గానీ, రాస్తానన్నారు.

రిజిస్టరు పేజీ జిరాక్స్ తీయించి, రైలుకు రెండు గంటలుండగా రెజిమెంటల్ బజార్‌కు పట్టుకెళ్లాను. యాదగిరి గారు వరండాలో ఉన్నారు. కడ్డీ మళ్లీ గోడల మధ్యకు వెళ్లిపోయింది, దాని మీద ఒక చీర ఆరుతోంది. కాగితం ఆయన చేతికిచ్చి, పేరు ఎక్కడుందో చూపించాను. తన పేరు వేలితో తడుముతూ చదువుకున్నారు. భార్యను పిలిచి చదివించారు. మళ్లీ తనే చదివారు.

తర్వాత ఆయన వేలు పైకి వెళ్లింది, గీతలు కొట్టిన వరసల మీదికి.

"గీ కొట్టేసింది ఎవలది మేడం?"

"మా అమ్మదండి."

ఆయన కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు. అక్షరం అక్షరం కూడబలుక్కున్నారు. సు, వా, ర్త. ఏడు చోట్లా చదివారు.

"కనబడుతనే ఉన్నది గద," అన్నారు.

అవునన్నాను. ఒక్క గీతే కదా కొట్టాను.